రెండు ఫైళ్లూ మీ బల్ల మీదే కలవాలి: కోనసీమ కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా కలెక్టర్ గారికి,



తండ్రి సైన్యంలో ఉండి, ఇంట్లో ప్రత్యేక అవసరాలున్న బిడ్డ ఉన్న కుటుంబాల గురించి ఈ లేఖ రాస్తున్నాను. ఆ బిడ్డకు ఉన్నది ఆటిజం కావచ్చు, సెరెబ్రల్ పాల్సీ కావచ్చు, మేధో వైకల్యం కావచ్చు, వినికిడి లోపం కావచ్చు. రాజోలు ప్రాంతంలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి. నా దగ్గర చదువుకున్న కుర్రాళ్లు కొందరు ఆర్మీకి వెళ్లారు. వాళ్లలో కొందరి పిల్లలను చూశాకే ఈ సంగతి నాకు పూర్తిగా అర్థమైంది. ఎవరి పేర్లూ ఇక్కడ రాయను.

ఢిల్లీకో అమరావతికో రాయకుండా మీకే ఎందుకు రాస్తున్నానంటే, ఈ కుటుంబాలకు సంబంధించిన కాగితాలన్నీ కలిసే చోటు మీ కార్యాలయం ఒక్కటే. జిల్లా సైనిక బోర్డుకు అధ్యక్షత వహించేది కలెక్టరు. సమగ్ర శిక్షకు జిల్లాలో ఛైర్మన్ కలెక్టరు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి సంరక్షకులను నియమించే స్థానిక కమిటీకి పెద్ద కూడా కలెక్టరే. కింద మాత్రం ఈ శాఖలు ఒకదాన్నొకటి పలకరించుకోవు. సైనిక సంక్షేమం వాళ్లు తండ్రి సర్వీసు నంబరు అడుగుతారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పాఠం చెప్పే భవిత సెంటర్ వాళ్లు బిడ్డ సదరం (వైకల్య ధ్రువపత్రం) నంబరు అడుగుతారు. ఆ రెండు నంబర్లూ ఒకే ఇంటివని తెలిసినవాళ్లు ఆ ఇంటి ఇల్లాలు తప్ప ఎవరూ లేరు. ఫైళ్లు రెండూ చేతబట్టుకుని తిరిగేదీ ఆవిడే.

సైనికుడి సంసారం ఎలా నడుస్తుందో మీకు తెలియనిది కాదు. రెండు మూడేళ్లు పీస్ స్టేషన్. అక్కడ క్వార్టర్ దొరికితే భార్యాబిడ్డలు వెంట ఉంటారు. తర్వాత ఫీల్డ్ పోస్టింగ్ వస్తుంది, అక్కడికి కుటుంబాన్ని తీసుకెళ్లడానికి ఉండదు. అప్పుడు ఆ తల్లి సామాను సర్దుకుని బిడ్డతో మలికిపురమో, మామిడికుదురో, పి. గన్నవరమో వచ్చేస్తుంది. పెద్ద కంటోన్మెంట్లలో సైనికుల భార్యల సంక్షేమ సంఘం నడిపే ఆశా స్కూళ్లు ఉన్నాయి, సికింద్రాబాద్‌లోనూ ఒకటి ఉంది. నేవీ వాళ్లకు విశాఖపట్నంలో సంకల్ప్ ఉంది. అవి ఈ పిల్లల కోసమే పెట్టిన బళ్లు. అక్కడ స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీ, శిక్షణ పొందిన టీచర్లు, ఆ తల్లిలాంటి మరో పది మంది తల్లులు ఉంటారు. అలాంటి చోట రెండేళ్లు గడిపి, బిడ్డ చెంచా పట్టుకోవడం నేర్చుకుంటున్న సమయంలో, పిలిస్తే తిరిగి చూడటం మొదలుపెట్టిన సమయంలో అన్నీ ఆగిపోతాయి. కోనసీమ నుంచి విశాఖపట్నం దాదాపు 200 కిలోమీటర్లు. వారానికి మూడు రోజుల థెరపీకి ఏ బిడ్డనూ అంత దూరం తిప్పలేం.

కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే సివిల్ ఉద్యోగికి ఇలాంటి బిడ్డ ఉంటే మామూలు బదిలీల నుంచి మినహాయింపు ఇవ్వవచ్చని 2014 జూన్‌లోనే ఉత్తర్వు వచ్చింది. బిడ్డ అలవాటుపడిన చోటు మారితే ఏమవుతుందో ఆ ఉత్తర్వు రాసినవారు అర్థం చేసుకున్నారు. సైనికుడికి ఆ వెసులుబాటు అదే రూపంలో ఉండదు. కారుణ్య కారణాల మీద పోస్టింగ్ అడగవచ్చు, ఆశా స్కూలున్న చోటు కోరవచ్చు. కానీ సరిహద్దుకు ఎవరో ఒకరు వెళ్లాలి, అతని వంతు కూడా వస్తుంది. ఆ అవసరాన్ని నేను ప్రశ్నించడం లేదు. అతని వంతు వచ్చినప్పుడు ఇక్కడ మనం ఏం చేస్తున్నాం అన్నదే నా బాధ.

మొదటి దెబ్బ భాష మీద పడుతుంది. కంటోన్మెంటులో థెరపీ అంతా హిందీలో జరుగుతుంది. మాట ఆలస్యంగా వచ్చిన పిల్లాడు ముందుగా నేర్చుకునేది ‘పానీ’, ‘ఖానా’, ‘బస్’. నాకు తెలిసిన ఒక తల్లి చెప్పింది: “మాస్టారండీ, వాడికి వచ్చిన మాటలే పన్నెండండి. అవి మా అత్తగారికి అర్థం కావు. నీళ్లడుగుతున్నాడని తెలీక ఆవిడ బిస్కెట్టు ఇచ్చేవారు. వాడు తల బాదుకునేవాడు. ఊళ్లో వాళ్లు చూసి పిల్లాడికి గాలి సోకిందన్నారండి.” మామూలు పిల్లలు ఆరు నెలల్లో రెండు భాషలు కలిపి మాట్లాడేస్తారు. ఆటిజం ఉన్న బిడ్డకు అది ఉన్న పన్నెండు మాటలనూ పోగొట్టుకోవడం. భవిత సెంటర్‌లో టీచరుకు ఆ పన్నెండు మాటల జాబితా మొదటి రోజే అందితే, ఏ మాటకు ఏ తెలుగు మాట జోడించాలో ఆమె చూసుకోగలదు. అందుకు పాత బడి నుంచి ఒక్క పేజీ కాగితం రావాలి. ఆ కాగితం అడిగేవాళ్లు ఇక్కడ ఉండాలి.

రెండోది సర్టిఫికెట్టు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 58వ సెక్షన్ చాలా స్పష్టంగా ఉంది. ఒకచోట ఇచ్చిన వైకల్య ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుంది. పఠాన్‌కోట్‌లో ఇచ్చినా, జోధ్‌పూర్‌లో ఇచ్చినా అమలాపురంలో చెల్లాలి. కౌంటరు దగ్గర వినిపించేది వేరు: “ఇది ఇక్కడిది కాదమ్మా, సదరం చేయించుకోండి.” స్లాటు బుక్ చేసుకోవాలి, తేదీ వచ్చేదాకా ఎదురుచూడాలి. కూర్చోలేని పదేళ్ల పిల్లాణ్ణి ఎత్తుకుని బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పదేళ్ల పిల్లాడు ఎంత బరువుంటాడో ఎత్తుకున్నవాళ్లకు తెలుసు. అత్తమామలు పెద్దవాళ్లు, ఆవిడ ఒక్కతే. మొగుడు సెలవు మీద వచ్చినప్పుడు వెళ్దామంటే, అతను నెలరోజులకో నలభై రోజులకో వస్తాడు. అతను వెళ్లిన వారానికి స్లాటు పడుతుంది.

దీనికి కొత్త పథకం అక్కర్లేదు, కొత్త నిధులూ అక్కర్లేదు. సైనికుడి దగ్గర లీవ్ సర్టిఫికెట్ ఉంటుంది, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు సెలవో అందులో రాసి ఉంటుంది. ఆ కాగితం చూపిస్తే ఆ తేదీల లోపలే సదరం స్లాటు ఇవ్వాలని మీరు ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. బయటి రాష్ట్రపు సర్టిఫికెట్టు చెల్లుతుందని చెప్పే 58వ సెక్షన్‌ను ప్రతి సచివాలయంలో గోడకు అంటిస్తే మరీ మంచిది.

మూడోది బడి, ఇక్కడ కాస్త వివరంగా రాయాలి. మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. ఈ పిల్లలకు పాఠం చెప్పే ఐ.ఇ.ఆర్.టి. టీచర్లు ఉన్నారు. వాళ్ల పని దగ్గర నుంచి చూసినవాడిగా చెబుతున్నాను, చాలీచాలని జీతాలతో ఈ జిల్లాలో ఇంత ఓర్పుగా పనిచేసే ఉద్యోగులు వేరే ఉండరు. ఒక్కో టీచరు సెంటర్ చూసుకోవాలి, బళ్లకు తిరగాలి, మంచం దిగలేని పిల్లల ఇళ్లకు వెళ్లి అక్కడే పాఠం చెప్పాలి. ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పది మంది పిల్లలకు ఒక స్పెషల్ టీచరు, ఆ పైన పదిహేను మందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో చెప్పింది. పోస్టులు మంజూరు చేసి భర్తీ చేయమని 2025 మార్చిలో రాష్ట్రాలను మళ్లీ ఆదేశించింది. మన రాష్ట్ర ప్రభుత్వం ఆ తర్వాతి నెలలోనే 2,260 స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ పోస్టులు సృష్టించింది. ఆ పోస్టుల్లో మన జిల్లా వాటా పంచేటప్పుడు అమలాపురం, రావులపాలెం చుట్టుపక్కలే నిండిపోకుండా, గోదావరి పాయలకు అవతల ఉన్న సఖినేటిపల్లి, మలికిపురం, అంతర్వేది వైపు కూడా చూడమని మనవి.

ఇదే చోట డబ్బు సంగతి ఒకటి ఉంది. చాలామంది జవాన్లకే సరిగా తెలియదు. కేంద్రం ఇచ్చే పిల్లల చదువు భత్యం దివ్యాంగులైన పిల్లలకు రెట్టింపు. 2024 జనవరి నుంచి అది నెలకు 5,625 రూపాయలు. అయితే బడి హెడ్‌మాస్టరు ఇచ్చే ధ్రువపత్రం లేకుండా ఆ డబ్బు రాదు. కంటోన్మెంటులో ఉన్నంతకాలం వచ్చి, ఊరికి రాగానే ఆగిపోతుంది, ఎందుకంటే బిడ్డ ఏ బడిలోనూ లేడు. నిజానికి ఇంటి వద్ద పాఠం అందుకునే బిడ్డ పేరు కూడా ఊరి ప్రభుత్వ పాఠశాల హాజరు పట్టీలో ఉండాలి. అలా ఉంటే హెడ్‌మాస్టరు ధ్రువపత్రం మీద సంతకం పెట్టవచ్చు. “పిల్లాడు బడికి రాడు కదా, ఎలా పెట్టను?” అని హెడ్‌మాస్టరు సంకోచిస్తాడు. ఆ పదవిలో ఉన్నవాళ్ల భయం నాకు తెలుసు, ఆడిట్ వస్తే ఎవరు జవాబు చెప్పాలని. డీఈవో గారి నుంచి ఒక స్పష్టమైన మెమో వస్తే ఆ భయం పోతుంది. ఆ 5,625 రూపాయలతో పాలకొల్లు నుంచో అమలాపురం నుంచో ఒక ఫిజియోథెరపిస్టు వారానికి ఒకసారి ఆ ఇంటికి వచ్చిపోతాడు.

గోదావరి లంకల గురించి వేరుగా రాయాలి. నడవలేని బిడ్డను రేవు దాకా మోసుకొచ్చి, బురదలో దిగి, నాటు పడవలోకి ఎక్కించడం ఏ రోజైనా కష్టమే. వరద రోజుల్లో అది కుదరని పని. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాల జనాన్ని పునరావాస కేంద్రాలకు తరలించారు. ఆటిజం ఉన్న బిడ్డ ఆ కేంద్రంలో ఎలా ఉంటాడో ఆలోచించండి. హాలు నిండా మనుషులు, మైకు, జనరేటరు మోత, తెలియని అన్నం, తనది కాని చాప. ఆ బిడ్డలు కొందరు ఒకే రకం అన్నం, ఒకే గిన్నెలో తప్ప తినరు. తండ్రి ఎక్కడో మంచుకొండల్లో ఉంటాడు, ఫోను కలవదు. ఆ తల్లి పునరావాస కేంద్రానికి రానంటే మొండితనం అనుకోకండి. వరద హెచ్చరిక రాకముందే, వేసవిలోనే, ఏ లంకలో ఏ ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉన్నాడో జాబితా చేసి, ఆ కుటుంబానికి హాలు బదులు ఒక గది (తలుపు వేసుకోగలిగే తరగతి గది చాలు) కేటాయిస్తే ఆ తల్లి మొదటి పడవకే వస్తుంది.

ఇప్పుడు మీ చేతిలో లేని విషయం ఒకటి రాస్తాను. అయినా మీరు రాస్తే ఢిల్లీలో చదువుతారు. మాజీ సైనికుల దివ్యాంగ పిల్లలకు కేంద్రీయ సైనిక్ బోర్డు రక్షా మంత్రి నిధి నుంచి సహాయం ఇస్తుంది. షరతు ఏమిటంటే వైకల్యం నూటికి నూరు శాతం ఉండాలి. 2016 చట్టం ప్రకారం 40 శాతం ఉంటే చాలు, చట్టపరమైన ప్రయోజనాలు మొదలవుతాయి. ఈ నూరు శాతం షరతు మేధో వైకల్యం ఉన్న పిల్లల విషయంలో ఎంత అన్యాయంగా పనిచేస్తుందో చూడండి. 2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన అంచనా మార్గదర్శకాల ప్రకారం మధ్యస్థ మేధో వైకల్యం 75 శాతం, తీవ్రమైనది 90 శాతం. అతి తీవ్రమైనదానికి మాత్రమే నూరు. అంటే, తానుగా స్నానం చేయలేని, ఆకలి వేస్తోందని చెప్పలేని, రోడ్డు మీద బస్సు వస్తోందని తెలుసుకోలేని బిడ్డ కూడా 90 దగ్గర ఆగిపోతే ఆ సహాయానికి అర్హుడు కాడు. డాక్టరు కాగితం మీద ‘తీవ్ర’ అని రాసి ఉండగా, నిధి వాళ్లు ‘సరిపోదు’ అంటారు. జిల్లా సైనిక బోర్డు అధ్యక్షులుగా మీరు ఆ శాతాన్ని 40కి తగ్గించమని ఒక తీర్మానం చేసి పంపండి. మాజీ సైనికుల సంఘాలు ఎన్నిసార్లు అడిగినా కదలని ఫైలు, జిల్లాల బోర్డులు అధికారికంగా అడిగితే కదలవచ్చు.

ఈ తల్లిదండ్రులు రాత్రి పడుకునేముందు ఆలోచించేది ఒక్కటే: మేం పోయాక వీడి సంగతేమిటి? నేను కలిసిన ప్రతి ఇంట్లోనూ ఈ మాట వచ్చింది, ఒకరు గట్టిగా అన్నారు, మరొకరు గొంతు తగ్గించి అన్నారు. దీనికి సైనిక పెన్షన్ నిబంధనల్లో మంచి జవాబే ఉంది. మానసిక లేదా శారీరక వైకల్యం ఉన్న బిడ్డకు తల్లిదండ్రుల తర్వాత జీవితాంతం కుటుంబ పెన్షన్ వస్తుంది. 2021 ఫిబ్రవరి నుంచి దాని ఆదాయ పరిమితి కూడా పెంచారు. బిడ్డ సొంత సంపాదన తండ్రి చివరి జీతంలో 30 శాతం, దాని మీద కరవు భత్యం కలిపిన మొత్తం లోపు ఉంటే చాలు. కానీ బిడ్డ పేరు, వైకల్యం వివరం తండ్రి బతికుండగానే సర్వీసు రికార్డులోనూ పెన్షన్ ఆర్డరులోనూ ఎక్కి ఉండాలి. ఎక్కనివాళ్లకు తర్వాత పడే తిప్పలు ఇన్నీ అన్నీ కావు. బిడ్డకు పద్దెనిమిది నిండితే బ్యాంకులో సంతకం ఎవరు పెట్టాలన్న చిక్కు వస్తుంది. నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం సంరక్షకుణ్ణి నియమించే అధికారం మీ స్థానిక కమిటీది. మూడు నెలలకోసారైనా ఆ కమిటీ కూర్చుంటుందని ముందుగా తేదీ ప్రకటిస్తే, పెద్దాయనలు పెన్షన్ ఆర్డరు పట్టుకుని వస్తారు. లక్ష రూపాయల వరకు వైద్యానికి ఆదుకునే నిరామయ బీమా ఫారం కూడా అక్కడే నింపించవచ్చు.

పదవీ విరమణ చేసినవారికి మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ ఉంది, దివ్యాంగ బిడ్డకు వయసు పరిమితి లేకుండా అందులో వైద్యం ఉంది. సర్వీసులో ఉన్నవాడి కుటుంబానికి మాత్రం అది లేదు, సైనిక ఆసుపత్రే దిక్కు. మన ప్రాంతానికి దగ్గరలో ఉన్నది విశాఖపట్నంలోని ఐ.ఎన్.హెచ్.ఎస్. కల్యాణి. కాబట్టి ఊరికి తిరిగొచ్చిన సర్వీసు కుటుంబమే అన్నింటికన్నా ఒంటరిది. మన పథకాలు మాజీ సైనికుణ్ణి బాగా గుర్తిస్తాయి. సరిహద్దులో ఉన్నవాడి ఇల్లు వాటి కంటికి ఆనదు. 2023లో అమలాపురంలో అగ్నివీర్ ర్యాలీ జరిగినప్పుడు ఎంతమంది కుర్రాళ్లు తెల్లవారుజామున పరుగు తీశారో ఊరంతా చూసింది. వాళ్లలో నాలుగేళ్లకు బయటికి వచ్చేవారికి పెన్షన్ గానీ ఈసీహెచ్ఎస్ గానీ ఉండవు. రేపు వాళ్లకు ఇలాంటి బిడ్డ పుడితే, పైన రాసిన వాటిలో చాలా భాగం వాళ్లకు వర్తించదు. అందుకే జిల్లా స్థాయిలో మనం కట్టుకునే ఏర్పాటు పెన్షన్ మీద ఆధారపడకుండా బిడ్డ మీద ఆధారపడాలి.

ఇది అసాధ్యమని ఎవరైనా అంటే, అమెరికాలో ఏం చేస్తున్నారో చూడమనండి. అక్కడ సైన్యంలో ప్రత్యేక అవసరాలున్న కుటుంబ సభ్యుల పేరు నమోదు చేయడం తప్పనిసరి. పోస్టింగ్ ఇచ్చేముందు ఆ చోట బిడ్డకు కావలసిన సేవలు ఉన్నాయో లేదో చూస్తారు. దానితోపాటు యాభై రాష్ట్రాలూ కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి. సైనికుడి బిడ్డ ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వస్తే, కొత్త బడి పాత బడి రాసిన విద్యా ప్రణాళిక ప్రకారమే మొదట సేవలు అందించాలి. సొంత పరీక్షలు తర్వాత పెట్టుకోవచ్చు. ముందు పాఠం ఆగకూడదు. వాళ్ల డబ్బు మనకు లేదు. కానీ ‘పాత కాగితాన్ని ఒప్పుకుని ముందు పని మొదలుపెట్టు’ అనే పద్ధతికి డబ్బు అక్కర్లేదు. మన జిల్లాలో ముప్పై మంది పిల్లలకో నలభై మందికో ఆ పద్ధతి పెట్టడానికి మీ సంతకం సరిపోతుంది.

నేను కోరేది ఇంతే. భవిత సెంటర్ రిజిస్టరులో ఒక గడి పెంచండి: ‘తండ్రి లేక తల్లి సైన్యంలో ఉన్నారా?’ అని. సైనిక సంక్షేమ కార్యాలయం రిజిస్టరులోనూ ఒక గడి పెంచండి: ‘ప్రత్యేక అవసరాలున్న బిడ్డ ఉందా?’ అని. ఆ రెండు జాబితాలూ ఏడాదికి రెండుసార్లు మీ ముందుకు రావాలి. సమగ్ర శిక్ష జిల్లా కార్యాలయంలో ఒక ఉద్యోగికి ఈ కుటుంబాల బాధ్యత అప్పజెప్పి, ఆ ఉద్యోగి ఫోన్ నంబరు అమలాపురం, రాజోలు, కొత్తపేట మాజీ సైనికుల సంఘాలకు ఇవ్వండి. కుటుంబం ఊరికి తిరిగొచ్చిన వారం లోపు ఐ.ఇ.ఆర్.టి. టీచరు ఆ గుమ్మం తొక్కాలి. సదరం స్లాటు సెలవు తేదీల్లో పడాలి. ఇంటి వద్ద చదివే బిడ్డకు చదువు భత్యం కాగితం మీద హెడ్‌మాస్టరు సంతకం పెట్టాలి.

జాబితా తయారీకి మనుషులు కావాలంటే మేమున్నాం. నాలాంటి విశ్రాంత ఉపాధ్యాయులు అమలాపురం, రాజోలు, కొత్తపేట మూడు చోట్లా చాలామంది ఉన్నారు. ఏ వీధిలో ఏ మిలట్రీ ఆయన ఇల్లుందో, ఏ ఇంట్లో తలుపు ఎప్పుడూ వేసి ఉంటుందో మాకు తెలుసు. ఈ వేసవి సెలవుల్లో మండలానికి ఇద్దరం చొప్పున తిరిగి వివరాలు రాసి ఇవ్వగలం. మీ కార్యాలయం నుంచి ఒక గుర్తింపు కాగితం ఇప్పిస్తే చాలు. జిల్లా సైనిక బోర్డు తదుపరి సమావేశం ఎజెండాలో ఈ విషయం చేర్చి, సమగ్ర శిక్ష అధికారిని కూడా ఆ సమావేశానికి పిలవమని కోరుతున్నాను. పిలిస్తే ఇద్దరు ముగ్గురు తల్లులు కూడా వస్తారు. బిడ్డను చూసుకోవడానికి ఆ పూట ఎవరినైనా ఏర్పాటు చేస్తే, వాళ్లే మీకు అన్నీ చెబుతారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
రాజోలు